ఎనిమిదేళ్ల గ్యాప్... గింజంత రేడియం

బియ్యపు గింజ కన్నా చిన్న లోహపు గొట్టం. పొడవు నాలుగున్నర మిల్లీమీటర్లు, మందం మిల్లీమీటరు కూడా ఉండదు. పైన టైటానియం తొడుగు, లోపల సన్నటి వెండి పుల్ల, ఆ పుల్ల మీద రేడియోధార్మిక అయోడిన్-125 పూత. ఊపిరితిత్తుల్లోనో కాలేయంలోనో మొదలైన క్యాన్సర్ ఒక్కోసారి కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులకు పాకుతుంది. ఆపరేషన్‌కి వీలుకాని కొందరు రోగులకు డాక్టర్లు ఈ గింజల్ని, అదే సీడ్స్‌ని, నేరుగా ఆ గడ్డలోకే దింపుతారు. సీటీ స్కాన్ తెర మీద చూసుకుంటూ సూది గుచ్చి ఒక్కొక్కటిగా వదులుతారు. చుట్టూ పెద్ద రక్తనాళాలు, కిడ్నీ, కుడివైపైతే కాలేయం. సూది కాస్త పక్కకు పోయినా ప్రమాదమే. చైనా ఆసుపత్రుల్లో దీని వాడకం ఎక్కువ. ఇదేదో అందరికీ పనికొచ్చే వైద్యమని అనుకోకండి. మిగతా దారులు మూసుకుపోయినప్పుడు చూసే వాటిలో ఇదొకటి, అంతే.

సూది గుచ్చడం పైకి కనిపించే పని. దానికి ముందు కంప్యూటర్ దగ్గర జరిగే పని ఇంకా పెద్దది. గడ్డ ఏ ఆకారంలో ఉంది, ఎన్ని సీడ్స్ పడతాయి, ఒక్కోటి ఎక్కడ కూర్చోవాలి, ఒక్కోదాని బలం ఎంతుండాలి, పక్కనున్న పేగుకి ఎంత రేడియేషన్ తగులుతుంది... అన్నీ ముందే లెక్కేస్తారు. సీడ్ బలాన్ని ఇప్పటికీ మిల్లీక్యూరీల్లో చెప్పుకుంటారు. ఆ మాటలోని క్యూరీ మీకు తెలిసిన పేరే. రెండు నోబెళ్లు, రేడియం, పొలోనియం అంటూ ఎన్ని బిట్ పేపర్లలో టిక్ పెట్టి ఉంటారో. నేను చెప్పబోయేది బిట్‌గా రాని మేరీ క్యూరీ గురించి. అవకాశం కోసం ఏళ్ల తరబడి ఆగిన మనిషి, కొలత దగ్గర మాత్రం మొండికేసిన మనిషి.

ఆమె 1867 నవంబరు 7న వార్సాలో పుట్టింది. అప్పటి పేరు మారియా స్క్లోదొవ్‌స్కా. ఐదుగురు పిల్లల్లో ఆఖరిది. పోలండ్‌లో ఆ భాగం అప్పట్లో రష్యా చక్రవర్తి చేతిలో ఉంది. నాన్న లెక్కలు, ఫిజిక్స్ చెప్పే మాస్టారు. రష్యన్ పై అధికారులకు ఆయనంటే గిట్టక హోదా, జీతం పోయాయి. ఇంట్లోనే హాస్టల్‌లా పిల్లల్ని పెట్టుకుని సంసారం నెట్టుకొచ్చారు. పెద్దక్క టైఫస్ జ్వరంతో పోయింది. మారియాకి పదేళ్లప్పుడు అమ్మ క్షయతో పోయింది. ఇంత జరిగాక కూడా 1883లో, పదిహేనేళ్లకే, బంగారు పతకంతో స్కూలు చదువు పూర్తిచేసింది. వార్సా యూనివర్సిటీలో మాత్రం ఆడపిల్లలకు ప్రవేశం లేదు. చేతిలో సర్టిఫికెట్ ఉంది, మెడల్ ఉంది, వెళ్లడానికి కాలేజీ లేదు.

ఇంటర్వ్యూ గదిలో మీలో చాలామందికి గొంతు ఆరిపోయేలా చేసే ప్రశ్న ఒకటుంది కదా, మధ్యలో ఈ గ్యాప్ ఏంటని. మారియా బయోడేటాలో ఆ గ్యాప్ 1883 నుంచి 1891 దాకా. అక్షరాలా ఎనిమిదేళ్లు.

మొదట్లో ట్యూషన్లు చెప్పింది. పోలీసుల కంటపడకుండా ఇల్లు మారుతూ నడిచే ఎగిరే యూనివర్సిటీ అనే రహస్య తరగతులకు వెళ్లింది. అక్క బ్రోన్యాకి డాక్టర్ కావాలని ఉంది, దానికి పారిస్ వెళ్లాలి, ఇద్దరికీ సరిపడా డబ్బు ఇంట్లో లేదు. అక్కచెల్లెళ్లు ఒక ఒప్పందానికి వచ్చారు. ముందు చెల్లి ఉద్యోగం చేసి అక్కని చదివిస్తుంది, అక్క డాక్టరయ్యాక చెల్లిని రప్పించుకుంటుంది. మన ఇళ్లలోనూ అన్న చదువు అయ్యాకే తమ్ముడి ఫీజు కట్టడం చూస్తుంటాం, అలాంటిదే. 1886లో మారియా ష్చూకి అనే పల్లెకు, జొరావ్‌స్కీ అనే కలవారింటికి వెళ్లింది. ఆ ఇంట్లోనే ఉంటూ పిల్లలకు చదువు చెప్పాలి. జీతం ఏడాదికి 500 రూబుళ్లు. చుట్టూ చక్కెర దుంప పొలాలు, ఒక ఫ్యాక్టరీ. పగలంతా పాఠాలు. సాయంత్రం ఊళ్లో రైతుల పిల్లలకు దొంగచాటుగా పోలిష్ చదవడం, రాయడం నేర్పేది. దొరికితే శిక్ష తప్పదు. రాత్రిళ్లు తన సొంత చదువు. ఫిజిక్స్, లెక్కలు పుస్తకాల్లో చూసుకుంటూ, తెలియనివి నాన్నకు ఉత్తరాల్లో రాసి అడిగేది.

ఆ ఇంటి పెద్దకొడుకు కజిమీర్‌కీ ఆమెకీ మధ్య ఇష్టం కుదిరింది. జీతానికి వచ్చిన పిల్లని కోడలిగా చేసుకోవడానికి అతని అమ్మానాన్నలు ఒప్పుకోలేదు. అతనూ ఎదిరించలేకపోయాడు. తర్వాతి రోజుల్లో పేరున్న గణిత ప్రొఫెసర్ అయ్యాడు, అది వేరే కథ. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, ఆ అవమానం తర్వాత కూడా మారియా ఆ ఇంట్లోనే ఉద్యోగం కొనసాగించింది. పారిస్‌లో అక్కకి ఫీజు కట్టాలి మరి.

వార్సాకి తిరిగొచ్చాక ఒక బంధువు నడిపే మ్యూజియం ల్యాబ్‌లో సాయంత్రాలు, ఆదివారాలు ప్రయోగాలు చేసే వీలు దొరికింది. పరికరాల్ని తన చేత్తో పట్టుకోవడం అదే మొదలు. అప్పటికి ఇరవై దాటి మూడేళ్లు. 1891 నవంబరులో రైలెక్కి పారిస్ చేరింది. సోర్బాన్‌లో చేరేటప్పటికి 24 ఏళ్లు. 1893లో ఫిజిక్స్ డిగ్రీలో ఫస్ట్ ర్యాంకు, 1894లో లెక్కల డిగ్రీలో సెకండ్ ర్యాంకు. మధ్యలో 600 రూబుళ్ల స్కాలర్‌షిప్ వచ్చింది. సంపాదన మొదలయ్యాక ఆ మొత్తాన్ని వెనక్కి కట్టేసింది, ఎవరూ అడగకుండానే.

మొదటి పని ఏంటో తెలుసా? ఉక్కు. పరిశ్రమల ప్రోత్సాహానికి పెట్టిన ఒక సంఘం రకరకాల ఉక్కుల అయస్కాంత గుణాలు కొలిచిపెట్టమని ఆమెకి ఒక ప్రాజెక్టు ఇచ్చింది. పెద్ద గొప్ప టాపికేం కాదు. ఆ పరికరాలు పెట్టుకోవడానికి చోటు వెతుకుతుంటే, పియరీ క్యూరీని అడిగితే ఏమైనా సాయం దొరకొచ్చని తెలిసినాయన పరిచయం చేశాడు. 1895 జులైలో పెళ్లయింది. కొత్త జంట సైకిళ్ల మీద ఊళ్లు తిరిగింది. 1897లో పాప పుట్టింది, పేరు ఇరీన్.

వేలాడే బరువు, చేతిలో స్టాప్‌వాచ్

పీహెచ్‌డీకి టాపిక్ వెతకాలి. 1895 చివర్లో ఎక్స్‌రేలు బయటపడ్డాయి, అందరి చూపూ వాటి మీదే. మరుసటి ఏడాది హెన్రీ బెక్వెరల్ యురేనియం నుంచి కూడా ఏవో కిరణాలు వస్తున్నాయని చూపించాడు గానీ, పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. మేరీ దాన్ని ఎంచుకుంది. కాంపిటీషన్ తక్కువ, చదవాల్సిన పాత పేపర్లు కూడా తక్కువ. ఎంపిక తెలివైందే.

అంతకన్నా తెలివైంది కొలిచే పద్ధతి. బెక్వెరల్ ఫొటో ప్లేటు నల్లబడిందా లేదా అని చూశాడు. మేరీ అంకె కావాలనుకుంది. యురేనియం పొడి పెట్టిన పళ్లెం పైన గాలి గుండా అతి సూక్ష్మమైన కరెంటు పారుతుంది. దాన్ని పట్టుకోవడానికి పియరీ, అతని అన్న జాక్ కలిసి ఎప్పుడో తయారుచేసిన ఎలక్ట్రోమీటర్ ఉంది. పని చేసే తీరు చూడండి. క్వార్ట్జ్ పలకకి బరువు వేలాడదీస్తే దానిలోంచి కొంత విద్యుదావేశం పుడుతుంది. పొడి నుంచి వచ్చే ఆవేశాన్ని దీంతో సరిగ్గా రద్దు చేస్తూ, స్కేలు మీద వెలుగు చుక్క సున్నా దగ్గరే నిలిచేలా చూసుకోవాలి. ఒక చేత్తో బరువును మెల్లగా వదలడం, ఇంకో చేత్తో స్టాప్‌వాచ్ నొక్కడం, కళ్లు చుక్క మీద. ఎలక్ట్రానిక్స్ లేని రోజుల్లో ఇది నిఖార్సైన ఇంజినీరింగ్. ఈ పరికరం గురించి చదివినప్పుడల్లా నాకు రేడియం కన్నా ఇదే ఎక్కువ ముచ్చటేస్తుంది.

ఆ అంకెలే దారి చూపాయి. పిచ్‌బ్లెండ్ అనే ఖనిజం దాంట్లో ఉన్న యురేనియం లెక్కకి మించి, యురేనియం కన్నా దాదాపు నాలుగు రెట్లు చురుగ్గా కనిపించింది. పరికరం తప్పు చెప్పిందని ఎవరైనా వదిలేసేవారు. మేరీ మళ్లీ మళ్లీ కొలిచింది. చాల్కొలైట్ అనే ఇంకో ఖనిజాన్ని రసాయనాలతో స్వయంగా తయారుచేసి చూసింది. భూమిలోంచి వచ్చింది ఎక్కువ చురుకు, తను తయారుచేసింది మామూలే. అంటే సహజ ఖనిజంలో తెలియనిదేదో ఉంది. 1898 జులైలో పొలోనియం, డిసెంబరులో రేడియం ప్రకటించారు.

ఆ తర్వాతి నాలుగేళ్ల కష్టం పాఠాల్లో ఉన్నదే. కప్పు కారే షెడ్డు, బొహీమియాలోని యోకిమ్‌స్థాల్ గని నుంచి వచ్చిన టన్నుల కొద్దీ వ్యర్థం, ఒక్కో వాయికి 20 కిలోలు, తన ఎత్తు ఇనుప కడ్డీతో కలపడం. 1902 నాటికి చేతికొచ్చింది గ్రాములో పదో వంతు రేడియం క్లోరైడ్. 1903లో డాక్టరేట్, అదే ఏడాది భర్తతో, బెక్వెరల్‌తో కలిపి ఫిజిక్స్ నోబెల్. మొదట నామినేషన్‌లో ఆమె పేరే లేదు. విషయం తెలిసి పియరీ గట్టిగా రాశాకే చేర్చారు.

రేడియం తీసే పద్ధతికి వాళ్లు పేటెంట్ తీసుకోలేదు. దీన్ని గొప్ప త్యాగంగా చెబుతారు. పూర్తి లెక్క కాస్త వేరు. అడిగిన వాళ్లందరికీ పద్ధతి చెప్పేయడంతో ఫ్యాక్టరీలు త్వరగా వచ్చాయి, డాక్టర్ల చేతికి రేడియం త్వరగా అందింది. ఫ్రాన్స్‌లో రేడియం ఫ్యాక్టరీ పెట్టిన ఆర్మే ద లీల్ క్యూరీలకు పనికి చోటు, మనుషుల్ని కూడా ఇచ్చాడు. కానీ ధర ఆకాశానికి ఎక్కాక ఆ మూలకాన్ని కనిపెట్టినావిడే కొనుక్కోలేని పరిస్థితి వచ్చింది. మీలో స్టార్టప్ ఆలోచన ఉన్నవాళ్లు ఈ రెండు వైపులూ చూడాలని నా అభిప్రాయం.

చర్మం మీంచి లోపలికి

రేడియం ఒంటిని కాలుస్తుందని 1901కల్లా తెలిసిపోయింది. బెక్వెరల్ కోటు జేబులో గొట్టం పెట్టుకుని తిరిగితే కింద చర్మం కాలింది. పియరీ కావాలనే చేతికి కట్టుకుని, పుండు ఎలా పడుతుందో, ఎలా మానుతుందో రాసుకున్నాడు. మంచి కణాల్ని చంపేది చెడ్డ కణాల్నీ చంపాలి కదా. పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో డాక్టర్ డాన్లోస్ క్యూరీల దగ్గర రేడియం అరువు తెచ్చుకుని చర్మవ్యాధులకు పెట్టి చూశాడు. 1903లో టెలిఫోన్ గ్రాహంబెల్ ఒక డాక్టరుకి రాసిన ఉత్తరంలో ఇంకో అడుగు ముందుకేశాడు. రేడియంని చిన్న గాజు గొట్టంలో పెట్టి సీలు వేసి గడ్డ నడిమధ్యలోనే ఎందుకు పెట్టకూడదని. మొదట్లో చెప్పిన సీడ్‌కి బీజం ఈ ఆలోచనే. ఫ్రాన్స్‌లో ఈ రకం వైద్యానికి క్యూరీథెరపీ అనే పేరొచ్చింది. మన ఆసుపత్రుల్లో బ్రాకీథెరపీ అంటారు.

ఆలోచన బాగానే ఉంది. ఎంత పెట్టాలి? ఎన్ని గంటలు ఉంచాలి? ఒక ఊళ్లో అమ్మే గొట్టంలో ఎంత రేడియం ఉందో, ఇంకో ఊళ్లో గొట్టంలో ఎంతుందో పోల్చడానికి సాధనమే లేదు. తూకంరాళ్లు లేని కిరాణా కొట్టు లాంటిదన్నమాట. ఇక్కడ తేడా వస్తే పోయేది ప్రాణం.

1906 ఏప్రిల్ 19న వానలో వీధి దాటుతూ పియరీ గుర్రబ్బండి కింద పడి చనిపోయాడు. ఇరీన్‌కి ఎనిమిదేళ్లు, రెండో పాప ఈవ్‌కి ఏడాది దాటింది. ప్రభుత్వం పెన్షన్ ఇస్తానంటే మేరీ వద్దంది. భర్త చెప్పే క్లాసుల బాధ్యత ఆమెకే ఇచ్చారు. సోర్బాన్‌లో పాఠం చెప్పిన మొదటి మహిళ ఆమే. నవంబరులో మొదటిరోజు హాలు నిండా విలేకరులు, వేడుక చూడొచ్చిన జనం. ఆమె ఉపోద్ఘాతం ఏమీ లేకుండా పియరీ ఆపిన చోటు నుంచే పాఠం మొదలుపెట్టింది.

1910లో బ్రస్సెల్స్‌లో శాస్త్రవేత్తలు రేడియోధార్మికతకి ఒక యూనిట్ పెట్టాలనుకున్నారు. పియరీ గౌరవార్థం దాని పేరు క్యూరీ. అది చాలా పెద్ద యూనిట్ అవుతుందని కొందరు గొణిగినా, ఒక గ్రాము రేడియంతోనే ముడిపెట్టాలని మేరీ పట్టుబట్టి సాధించింది. అందుకే ఇవాళ సీడ్స్ దగ్గర మిల్లీక్యూరీలు అనాల్సొస్తోంది. మరుసటి ఏడాది ప్రపంచానికంతా ప్రమాణంగా ఉండే రేడియం గొట్టాన్ని తన చేత్తో తయారుచేసింది. సన్నటి గాజు గొట్టంలో 21.99 మిల్లీగ్రాముల స్వచ్ఛమైన రేడియం క్లోరైడ్. దాన్ని పారిస్ పక్కన సేవ్ర్‌లో, మీటరు కడ్డీ, కిలో దిమ్మె ఉండే ఆఫీసులో భద్రపరిచారు. దాంతో పోల్చి ఏ గొట్టంలో ఎంత రేడియం ఉందో చెప్పొచ్చు. ఆమె ల్యాబ్ సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. వైద్యంలో మోతాదు అన్న మాటకి అర్థం వచ్చింది ఇలాంటి పనుల వల్లే. పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక్క లైను కూడా దక్కదు.

అదే 1911 ఆమెకు చెడ్డ సంవత్సరం కూడా. ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ ఎన్నికలో కొద్ది ఓట్ల తేడాతో ఓడించారు. ఒక సహ శాస్త్రవేత్తతో సంబంధమంటూ పత్రికలు ఇంటి దాకా వచ్చి రాళ్లేసినంత పని చేశాయి. రెండో నోబెల్ ప్రకటించాక, ఇప్పుడు స్వీడన్ రావద్దులే అని అక్కడి నుంచి ఉత్తరమొచ్చింది. వెళ్లి తీసుకుంది. ఆ తర్వాత చాలా నెలలు మంచం పట్టింది.

1914లో యుద్ధం. జర్మన్లు పారిస్ వైపు వస్తుంటే దేశంలో ఉన్న రేడియంని సీసపు పెట్టెలో పెట్టుకుని రైల్లో బోర్డో తీసుకెళ్లి బ్యాంకులో దాచి వెనక్కొచ్చింది. ఆ తర్వాత ఎక్స్‌రే బళ్లు. కారులో ఎక్స్‌రే ట్యూబు, కారు ఇంజిన్‌తో తిరిగే డైనమో, ఫొటోలు కడగడానికి చీకటి తెర. యుద్ధభూమి వెనకాలే ఆగి, ఒంట్లో తూటా ఎక్కడుందో సర్జన్‌కి చూపించాలి. ఇలాంటివి ఇరవై దాకా బళ్లు, 200 ఎక్స్‌రే గదులు ఏర్పాటు చేసింది. డ్రైవింగ్ నేర్చుకుంది, టైరు మార్చడం నేర్చుకుంది. 17 ఏళ్ల ఇరీన్‌ని వెంటబెట్టుకెళ్లింది. దాదాపు 150 మంది అమ్మాయిలకు ఎక్స్‌రే టెక్నీషియన్లుగా శిక్షణ ఇచ్చారు.

అదే యుద్ధంలో ఇంకో పని. రేడియం నుంచి రాడాన్ అనే వాయువు ఊరుతుంది. దాన్ని పంపుతో లాగి, సన్నటి గాజు గొట్టాల్లో సీలు చేసి, సూదుల్లో పెట్టి వాడేందుకు సైనిక ఆసుపత్రులకు పంపేది. రేడియం ల్యాబ్‌లోనే ఉంటుంది, దాని బలం మాత్రం పార్సిల్‌లో వెళ్తుంది. చిక్కేంటంటే రాడాన్ సగం కావడానికి నాలుగు రోజులు కూడా పట్టదు. ఎప్పుడు నింపారు, ఎప్పుడు చేరింది, ఇప్పుడెంత మిగిలింది అని ప్రతి గొట్టానికీ లెక్క ఉండాలి. తెర మీద చూసి శరీరంలో చోటు గుర్తించడం ఒకటి, కొలిచి సీలు వేసిన గొట్టాన్ని పంపడం ఇంకోటి. అడ్రినల్ గడ్డలో సీడ్ పెట్టే ఇవాళ్టి డాక్టర్ ఈ రెంటినీ ఒకే బల్ల దగ్గర కలుపుతాడు. 1920ల్లో న్యూయార్క్‌లో ఫైల్లా అనే ఫిజిసిస్ట్ రాడాన్‌ని చిన్న బంగారు గొట్టాల్లో పెట్టాడు, సీడ్ అన్న మాట అప్పటికే వాడుకలోకి వచ్చింది.

ఇక్కడ ఒక పక్కమాట, ఫిజిక్స్ వాళ్లకి. ఈ లెక్కలు వేసే ఉద్యోగం మన దేశంలోనూ ఉంది, పేరు మెడికల్ ఫిజిసిస్ట్. బీఎస్సీ ఫిజిక్స్ తర్వాత మెడికల్ ఫిజిక్స్ పీజీ చేయొచ్చు. లేదా ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక రేడియలాజికల్ ఫిజిక్స్‌లో డిప్లొమా, ముంబయిలోని బార్క్ నడిపేలాంటిది. దాంతోపాటు రేడియోథెరపీ విభాగంలో ఏడాది ఇంటర్న్‌షిప్ కావాలి. అర్హతలు నిర్ణయించేది ఏఈఆర్‌బీ, దరఖాస్తుకు ముందు తాజా నిబంధనలు చూసుకోండి. నాలాంటి బీటెక్ వాళ్లకి నేరుగా ఈ పోస్టు రాదు. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్, స్కానర్లు తయారుచేసే వైపు మాత్రం తలుపు తెరిచే ఉంది.

1921లో మేరీ ఓడెక్కి అమెరికా వెళ్లింది. ఒక మహిళా జర్నలిస్టు దేశమంతా చందాలు పోగుచేసి, లక్ష డాలర్లతో ఒక్క గ్రాము రేడియం కొనిచ్చింది. వైట్‌హౌస్‌లో ప్రెసిడెంట్ హార్డింగ్ చేతుల మీదుగా అందజేయాలి. ముందురోజు రాత్రి కాగితాలు చదివిన మేరీ, ఈ గ్రాము తనకి వ్యక్తిగతంగా ఇచ్చినట్టు ఉందని, తను పోతే కూతుళ్ల ఆస్తి అయిపోతుందని, ల్యాబ్‌కి చెందేలా మార్చాలని పట్టుబట్టింది. ఆ రాత్రే లాయర్‌ని పిలిపించి మార్పించింది. ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ అమెరికా వెళ్లింది, ఈసారి వార్సాలో కడుతున్న రేడియం ఇన్‌స్టిట్యూట్ కోసం. 1932లో అది తెరిచారు. దాని డైరెక్టర్ ఎవరో ఊహించండి... డాక్టర్ బ్రోన్యా, ఆ ఒప్పందం నాటి అక్క.

గాజు గొట్టంలో రేడియంని మిల్లీగ్రాములో వందో వంతు దాకా కొలిచిన మనిషి, తన ఒంటికి తగిలిన దానికి మాత్రం లెక్క పెట్టుకోలేదు. వేళ్ల చివర్లు గట్టిపడి పగిలాయి. కళ్లకు శుక్లాలొచ్చి ఆపరేషన్లు జరిగాయి. ఆ సంగతి బయటికి తెలియకుండా చూసుకుంది. అమెరికాలో వాచీ డయళ్ల మీద రేడియం రంగు వేసే అమ్మాయిలు దవడ ఎముకలు కుళ్లి చనిపోతున్న రోజుల్లో కూడా, ఇది ప్రాణం తీస్తుందని ఒప్పుకోవడానికి ఆమె తాత్సారం చేసింది. స్వచ్ఛమైన గాలిలో తిరిగితే సర్దుకుంటుందన్నట్టే ఉండేది ఆమె ధోరణి. ఈ విషయంలో ఆమెని వెనకేసుకు రాలేను. ఆమె నోటు పుస్తకాలు ఇప్పటికీ పారిస్‌లో సీసం పరిచిన పెట్టెల్లో ఉన్నాయి. చూడాలంటే ప్రమాదం మాదే అని సంతకం పెట్టాలి.

1934 జనవరిలో ఇరీన్, ఆమె భర్త ఫ్రెడెరిక్ జోలియో అల్యూమినియం రేకు మీద పొలోనియం నుంచి వచ్చే కణాల్ని గుప్పించి, ప్రకృతిలో లేని రేడియోధార్మిక ఫాస్ఫరస్‌ని తయారుచేశారు. దాన్ని చిన్న గాజు గొట్టంలో పెట్టి మేరీకి చూపించారు. కాలిన వేళ్లతో ఆమె దాన్ని పట్టుకుని గైగర్ కౌంటర్ దగ్గరకు తీసుకెళ్లింది. కౌంటర్ టకటకా కొట్టుకుంది. ఇక గనులు తవ్వి టన్నులు ఉడకబెట్టనక్కర్లేదు, కావాల్సిన ఆయుష్షున్న రేడియోధార్మిక మూలకాన్ని తయారుచేసుకోవచ్చు. రేడియం సగం కావడానికి 1600 ఏళ్లు. పొరపాటున శరీరంలో ఉండిపోతే జన్మంతా కాలుస్తూనే ఉంటుంది, కాబట్టి పని కాగానే బయటికి తీయాలి. ఈ కొత్త దారిలో తర్వాత వచ్చిన అయోడిన్-125 సగం కావడానికి 60 రోజులు చాలు. అందుకే ఆ సీడ్స్‌ని గడ్డలోనే వదిలేస్తారు. ఏడాది గడిచేసరికి వాటిలో మిగిలేది నూటికి రెండు వంతులు కూడా ఉండదు.

ఆ కౌంటర్ చప్పుడు విన్న ఆరు నెలలకు, 1934 జులై 4న, ఆల్ప్స్ కొండల్లోని ఒక శానటోరియంలో మేరీ చనిపోయింది. ఎముక మూలుగ రక్తం తయారుచేయడం మానేసిందని డాక్టర్లు రాశారు. మరుసటి ఏడాది ఇరీన్ దంపతులకు నోబెల్ వచ్చింది.